నుదుటి మీద ఎర్రమందు

ఆ రోజు వలి బాషా నుదుటి మీది గుర్తును తుడిచింది ఎవరో డాక్టర్ చెన్నకేశవులుకు తెలుసా, తెలియదా? తెలిసే ఆ తప్పును తన నెత్తిన వేసుకున్నాడా, లేక తానే మరిచిపోయానని నిజంగా నమ్మాడా? ఎన్నిసార్లు తిరగేసి చూసినా ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. ఆయన దగ్గర పద్నాలుగేళ్ళు కాంపౌండరుగా చేసిన ఖాజాకే దొరకలేదు. ఇంకెవరికి దొరుకుతుంది?

ఖాజాది పెన్నకు అవతల, నాపరాళ్ళ గనుల పక్కనే పుట్టిన పల్లె. తండ్రి రాళ్ళు కొట్టీ కొట్టీ దగ్గుతో పోయాడు. తల్లి ఖమర్‌బీ ఆ పల్లెలోనే ఉండేది. ఖాజా ఎనిమిదో తరగతి దాకా చదివి, పెళ్ళి కూడా చేసుకుని, ఏ పనీ కుదరక జమ్మలమడుగు వీధుల్లో తిరుగుతున్న రోజుల్లో, యుద్ధం నుంచి వచ్చిన డాక్టరెవరో కొత్తగా ఆస్పత్రి పెట్టాడని విన్నాడు. పోయి నిలబడ్డాడు.

"నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయా?" అని అడిగాడు డాక్టరు.

ఖాజా అబద్ధం ఆడబోయి ఆడలేకపోయాడు. "తిరుగుతాయి సార్."

"మంచిది. తిరగవు అనేటోళ్ళే ముందు పడిపోతారు. రేపు పొద్దున రా."

అంతే. ఉద్యోగం అయిపోయింది.

చెన్నకేశవులుది చెన్నూరులో సేద్యం చేసే కుటుంబం. మద్రాసులో ఎల్.ఎం.పి. డాక్టరు చదువు చదివి, నలభై మూడులో పట్టాళంలో చేరి, బర్మా సరిహద్దు కొండల్లో యుద్ధం ముగిసేదాకా పని చేశాడు. కెప్టెన్ అయ్యాడు. బోర్డు మీద మాత్రం ఆ మాట రాయించలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఆస్పత్రి వెనక గదిలోనే కాపురం. అల్యూమినియం డబ్బా ఒకటి ఉండేది. అందులోనే వంట, అందులోనే భోజనం.

మొదట్లో ఊళ్ళోవాళ్ళు యుద్ధం కబుర్ల కోసమే జ్వరం తెచ్చుకుని వచ్చేవాళ్ళు. "ఎంతమంది జపానోళ్ళను కాల్చినావప్పా?" అని ఒకాయన అడిగితే, "నాకు తుపాకి యాడ ఇచ్చినారు? కత్తెర ఇచ్చినారు. నాలుక చాపు" అన్నాడు. ఆ తర్వాత ఆ దారిన అడిగినవాడు లేడు.

కానీ ఖాజాకు మాత్రం ఆ కుతూహలం చావలేదు. నోటితో చెప్పని మనిషి చేతలతో చెబుతాడు కదా అని, డాక్టరు చేసే ప్రతి పనినీ కనిపెట్టి చూసేవాడు. బల్ల మీద గాజుగుడ్డ ముక్కలను ముందూ వెనకా రెండుసార్లు లెక్కపెడతాడు. ఎందుకు? మధ్యాహ్నం కుర్చీలో కూర్చునే నిద్రపోతాడు, బూట్లు విప్పడు. ఎందుకు? వాన మొదలైతే చేస్తున్న పని ఆపి వాకిట్లోకి పోయి కొండవైపు చూసి వస్తాడు. జమ్మలమడుగు వాన చూసి ఎవరైనా సంతోషపడతారు గానీ ఈయన ముఖం అట్లా మాడిపోతుందేమి? ఇంటికి పోయి భార్య షరీఫాతో చెబితే ఆమె నవ్వేది. "నువ్వు కాంపౌండరువా, సీఐడీవా? నా ముఖం ఎప్పుడన్నా ఇంత చూసినావా?" అని దెప్పేది.

అన్నిటికంటే విచిత్రం ఆయన రోగులను పిలిచే వరస. ముందొచ్చినవాడికి ముందు కాదు. పెద్ద రైతుకు ముందు కాదు. గదిలోంచి తల బయటికి పెట్టి అందరినీ ఒక చూపు చూసి, మాట్లాడకుండా గోడకు ఒదిగి కూర్చున్నవాళ్ళను ముందు పిలిచేవాడు. మూలిగేవాళ్ళు తర్వాత. కేకలు పెట్టేవాళ్ళు అందరికంటే ఆఖరు.

ఒకసారి వేముల నుంచి కోనారెడ్డి అనే ఆసామి తొడ మీద సెగ్గడ్డతో జీపులో వచ్చాడు. వాకిట్లో దిగినప్పటి నుంచి ఒకటే అరుపు. అరగంట అయింది, గంట అయింది.

"ఏంది డాక్టరా, వేముల కాడి నుంచి జీపేసుకోని వచ్చినా. ఈడ గోడకు ఎన్ని బల్లులుండాయో లెక్కపెడతా కూర్చోవాల్నా?"

"అరిచే ఓపిక ఉండేవానికి ఆగే ఓపికా ఉంటాదప్పా. కూర్చో" అని, మూలన ముడుచుకుని ఉన్న వెంకటమ్మ అనే కూలిమనిషిని పిలిచాడు. ఆమెకు కడుపులో నొప్పి. పొద్దుటి నుంచి ఒక్క మాట లేదు. చెయ్యి వేసి చూసి, కోనారెడ్డి దగ్గరికే వచ్చి, "నీ జీపు గావాల. ఈమెను పెద్దాస్పత్రికి ఇప్పుడే తోలాల. పేగు పగిలేట్టుంది" అన్నాడు. కోనారెడ్డి డ్రైవరుకు సైగ చేశాడు. వెంకటమ్మ బతికింది. కోనారెడ్డి ఆ సంగతిని పులివెందుల దాకా తానే చెప్పుకుని తిరిగాడు, జీపు తనదే కాబట్టి.

ఈ వరస పట్టాళంలో నేర్చుకున్నదని ఖాజా ఊహించాడు. అడిగితే డాక్టరు, "ఆడ అరిచేవానికి ఊపిరుందని అర్థం" అన్నాడు. ఆ ఒక్క ముక్క. దాన్ని ఖాజా నెలరోజులు నెమరేసుకున్నాడు.

అరవై రెండు, సెప్టెంబరు నెల. గురువారం గురువారం డాక్టరు పెన్న అవతలి పల్లెలకు సైకిలు మీద పోయి చూసొచ్చేవాడు. ఖాజా మందుల పెట్టె కట్టుకుని వెనకే ఇంకో సైకిలు మీద. ఆ గురువారం ఖాజా సొంత పల్లెలో ఉండగా గనిలో రాళ్ళు పగలగొట్టే తూటా పేలింది. పేలాల్సిన వేళ కాదు. మనుషులింకా గుంతలోనే ఉన్నారు. చప్పుడు విని డాక్టరు, చూస్తున్న చెవిని అట్లే వదిలి లేచాడు. "ఇది మామూలు పేలుడు గాదు. పెట్టె ఎత్తు" అన్నాడు. ఖాజాకు ఏ తేడా వినపడలేదు.

పదకొండు మంది. గని పక్కనున్న బోదగడ్డి కప్పిన కొట్టంలో వరసగా పడుకోబెట్టారు. వానలకు బాట చెడిపోయింది. మనిషి సైకిలు మీద ముద్దనూరు పోయి లారీ తేవాలంటే సాయంత్రమవుతుంది. అంతదాకా ఈ కొట్టం, ఈ పెట్టె, వీళ్ళిద్దరు.

ఆ రోజు ఖాజా చూసిన డాక్టరు వేరే మనిషి. తొందర లేదు, గొంతు పెరగలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచాడు, ఎవరికీ ఏమీ చెయ్యకుండా. ఆడవాళ్ళు "చూడు సామీ, చూడు సామీ" అని కాళ్ళు పట్టుకుంటున్నా ఆగలేదు. తూటా పెట్టిన నారాయణ దగ్గర మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, ఛాతీ చూసి, ఒక సూది వేసి, "ఈయప్ప భార్యను పిలిచి తల ఒళ్ళో పెట్టుకోమను. నీళ్ళు అడిగితే ఇయ్యి" అని చెప్పి లేచాడు. మళ్ళీ అటు పోలేదు. ఎందుకు పోలేదో ఖాజాకు అర్థమయ్యేసరికి నారాయణ పోయాడు.

మార్ఫియా సూది వేసిన ప్రతి మనిషి నుదుటి మీదా, దూదిపుల్లను ఎర్రమందులో ముంచి ఒక ఇంగ్లీషు ఎమ్ అక్షరం రాశాడు డాక్టరు. ఖాజాకు సూది ఇచ్చి, "నేను కాళ్ళు కట్టే పనిలో ఉంటా. మూలిగేవాని నుదురు చూడు. గుర్తు ఉంటే సూది వద్దు. లేకుంటే పావు గ్రెయిను వేసి గుర్తు పెట్టు. ముందు నుదురు, తర్వాతే సూది. ఏం చెప్పినా?"

"ముందు నుదురు, తర్వాతే సూది సార్."

వలి బాషా ఇరవై ఐదేళ్ళ రాళ్ళకూలి. ఖాజా తల్లి ఇంటి పక్క ఇల్లే. తొడ చీలి చాలా నెత్తురు పోయింది. ఒళ్ళు మంచుముద్దలా ఉంది. డాక్టరు ముందే నెత్తురు ఆపి కట్టు కట్టేశాడు. అరగంట తర్వాత ఖాజా అక్కడికి వచ్చేసరికి వలి పళ్ళు కొరుకుతూ మూలుగుతున్నాడు. ఖాజా నుదురు చూశాడు. గుర్తు లేదు. సూది వేశాడు. ఎర్రమందుతో గుర్తు రాశాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు.

పల్లెవాళ్ళు గొంగళ్ళు, వేడి టీ తెచ్చారు. వలి ఒంటికి వెచ్చదనం వచ్చింది, ముఖంలో రంగు వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. తర్వాత అతను నిద్రపోయాడు. ఆ నిద్ర మీద డాక్టరు చూపు పడింది. వచ్చి కనురెప్ప ఎత్తాడు. కంటిపాప ఆవగింజంత ఉంది. ఊపిరి నిమిషానికి ఐదు. చొక్కా చేతులు పైకి లాగి చూశాడు. రెండు భుజాల మీదా ఒక్కో సూదిపోటు.

"ఈ సూది నువ్వేసినావా?"

"గుర్తు లేదు సార్. చూసే వేసినా. అల్లా తోడు."

డాక్టరు వలి నుదుటి మీదికి వంగి, కళ్ళు చిట్లించి చూశాడు. ఎంతసేపు? ఒక గుటక వేసేంత సేపు. "కోరమీన్ తీయ్. వీణ్ని బోర్లా తిప్పు" అన్నాడు. కోరమీన్ అంటే ఊపిరిని లేపే సూదిమందు.

వీపు మీద రెండు చేతులతో అదమడం, మోచేతులు పట్టి పైకెత్తడం, మళ్ళీ అదమడం. వలి పీల్చలేని ఊపిరిని ఆయన చేతులతో పీల్పించాడు. ఆయన అలిసినప్పుడు ఖాజా, ఖాజా అలిసినప్పుడు ఆయన. ఎండ కొట్టంలో ఈ గుంజ నుంచి ఆ గుంజకు జరిగింది. ఆ పనిలోనే, లెక్క తప్పకుండా, తల ఎత్తకుండా, పద్నాలుగేళ్ళుగా ఖాజా వినాలని కాచుకున్న మాటలు బయటికొచ్చాయి.

"నాగా కొండల్లో ఒక హవల్దారు. ఒకటి, రెండు... మన దిక్కోడే, మదనపల్లె వైపు. కొండ మీద తగిలింది గుండు. వెదురు డోలీలో కిందికి దించినారు, మూడు మజిలీలు. వానప్పా, వాన అంటే ఆడిది. ఒకటి, రెండు... పై మజిలీలో ఒకాయన సూది వేసినాడు. నడిమి మజిలీలో ఇంకొకాయన. మా దగ్గరికి వచ్చినప్పుడు చల్లగా వణుకుతా మూలుగుతాండె. నేనూ వేసినా. చల్లబడిన ఒంట్లో మందు కదలదు ఖాజా, కండలోనే నిలబడి ఉంటాది. మేం కంబళ్ళు కప్పి, చక్కెర టీ తాపినాం. ఒళ్ళు కాగింది. మూడూ ఒకేసారి ఎక్కినాయి. తెల్లగా నవ్వినాడు నన్ను జూసి. అమ్మయ్య, గట్టెక్కినాడు అనుకున్యా." వలి వీపును ఖాజా చేతులకు ఒప్పగించి పక్కకు జరిగాడు. "నాది మూడోది. ఆ మర్నాటి నుంచి నుదుట రాయకుండా సూది ఎత్తలా."

ఖాజా చేతులు ఆగబోయాయి. "ఆపొద్దు" అన్నాడు డాక్టరు.

వలి బాషా నాలుగు గంటలప్పుడు తనంతట తాను దగ్గి, కళ్ళు తెరిచి, తల్లిని కాదు, నీళ్ళు కాదు, "నా చెప్పులు యాడ?" అని అడిగాడు. కొట్టమంతా నవ్వింది, ఏడుస్తూనే.

లారీతో పాటు గని యజమాని గుమాస్తా వచ్చాడు. దిగినప్పటి నుంచి తూటా గురించి అందరూ అడుగుతుంటే సమాధానం లేక ఉన్నవాడికి ఈ సూది సంగతి తెల్లన్నం దొరికినట్టయింది. "తూటాకు కాదంటనే, సూదికి సచ్చేవాడంట గదా ఒకడు? రెండు తూర్లు పొడిచింది ఈ కాంపౌండరేనంట?" అని అందరి ముందూ అడిగాడు.

"వాని తప్పేం లేదు. నేను గుర్తు పెట్టడం మరిచిపోయినా" అన్నాడు డాక్టరు, చేతులు కడుక్కుంటూ.

అప్పుడే ఖాజా తన తల్లి వైపు చూశాడు. ఖమర్‌బీ పొద్దుటి నుంచి అందరికీ నీళ్ళు పోస్తూ అక్కడే ఉంది. ఆమె తెల్లచీర చెంగు తడిసి ఉంది. ఆ తడిలో ఎర్రగా, లేతగా, ఒక మరక. నెత్తురు మరక అట్లా ఉండదు. పద్నాలుగేళ్ళుగా ఎర్రమందు మరకలు ఉతికిన చేతులు ఖాజావి.

పక్కకు పిలిచి అడిగాడు. ఆమె దాచలేదు. దాచాల్సింది ఏముంది?

"వలిగానికి ఎవరో నుదుట ఎర్రగా బొట్టు పెట్టినార్రా. తిరునాళ్ళలో పెట్టినట్టు. బిడ్డ పోతాండాడు అనుకున్యా. అల్లా ముందరికి అట్లనే పోతాడా? తుడిచి, చెవిలో కలిమా చదివినా. చూడు, ఎట్ల లేచి కూర్చున్యాడో!"

వలి పక్కింటి పిల్లవాడు, ఆ చేతులతోనే వాడికి అన్నం పెట్టిన మనిషి ఆమె. నువ్వు తుడిచింది బొట్టు కాదమ్మా అని ఎట్లా చెప్పేది? చెబితే ఆమె మళ్ళీ ఏ చావు మంచం దగ్గరైనా నోరు తెరవగలదా?

అక్కడితో ఆగలేదు. ఖమర్‌బీ కలిమాకే వలి లేచాడని పల్లె పల్లె నమ్మింది. పసిబిడ్డలకు దిష్టి తగిలినా ఆమె దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఇటు జమ్మలమడుగులో ఇంకో మాట పుట్టింది: "మిలిటరీ డాక్టరుకు మతి తప్పుతాండాదంట. సూది వేసి మరిచిపోయి మళ్ళీ వేపిస్తాండాడంట." కోనారెడ్డి వేముల నుంచి ఇటు రావడం మానేసి పులివెందులలో ఎవరికో చూపించుకున్నాడు. ప్రొద్దుటూరు నుంచి వచ్చే సేట్ల ఇళ్ళ ఆడవాళ్ళు ఆగిపోయారు. వాకిట్లో గోడకు ఒదిగి కూర్చునే మాట్లాడని మనుషులు ముగ్గురో నలుగురో మిగిలారు. వలి బాషా మాత్రం జమ్మలమడుగులో అక్క ఇంట్లో ఉండి, రోజు మార్చి రోజు కట్టుకు వచ్చేవాడు. తొడ ఎముకలో చీము ఆగలేదు.

డాక్టరు ఏ తేడా కనపడనీయలేదు. అదే ఖాజాను తినేసింది. తిట్టినా బాగుండేది. ఒకసారి ధైర్యం చేసి, "సార్, ఆ దినం గుర్తు..." అని మొదలుపెడితే, "సీసా మూత బిగించు, ఆవిరైపోతాది" అన్నాడు. తెలిసి ఆపాడా? వినక ఆపాడా? ఆ ముఖంలో చదువుకోవడానికి ఒక్క అక్షరం ఉండదు.

ఖాజా చెప్పగా అంతా విన్న షరీఫా ఒక పొద్దున చాటలో బియ్యం చెరుగుతూ అంది: "మీ యమ్మకు పేరొచ్చింది. నీకు కొలువు నిలిచింది. ఆయన పేరు మట్టిలో కలిసింది. బాగుందబ్బా లెక్క."

"మాయమ్మను ఊరి ముందర నిలబెట్టమంటావా?"

"ఊరికి ఎవరు చెప్పమన్యారు? ఆయనకు చెప్పు. తను మరిచిపోలేదని ఆయనకన్నా తెలియాల గదా. నువ్వు చెప్పిన ఆ హవల్దారు చావు చాలదా, దాని మీద ఆయనకు ఇది ఇంకోటి మోయను ఎందుకు?"

ఆ మాట సూటిగా తగిలింది. ఇన్నాళ్ళూ ఖాజా ఊరు ఏమనుకుంటుందో అని వెనకాడాడు. డాక్టరు తన గురించి తాను ఏమనుకుంటున్నాడో ఆలోచించలేదు. ఒకవేళ నిజంగానే నమ్మి ఉంటే? రాయకుండా సూది ఎత్తనని ఒట్టు పెట్టుకున్న మనిషి, ఒక్కసారి ఎత్తానేమో అని కుర్చీలో నిద్ర పట్టని మధ్యాహ్నాలు గడుపుతుంటే?

అవును, అక్టోబరు ఆఖరు నుంచి ఆయన మధ్యాహ్నం నిద్రపోవడం మానేశాడు. చైనావాళ్ళు కొండలు దిగుతున్నారని బస్‌స్టాండు హోటల్లో రేడియో చెబుతుండేది. ఆయన పేపరు నిలబడి చదివేవాడు, చదివి నాలుగు మడతలు పెట్టేవాడు. ఢిల్లీ ముద్ర ఉన్న కవరు ఒకటి వచ్చింది. బీరువా తలుపు లోపల మందుల పేర్లన్నీ తెలుగులో రాసి అతికించాడు. పాత రోగులకు పెద్దాస్పత్రి డాక్టరు పేరుతో చీటీలు రాసిచ్చాడు. ఖాజా ఇవన్నీ చూశాడు. అంత కనిపెట్టి చూసే మనిషి, రోగులు తగ్గారు కాబట్టి ఆస్పత్రి సర్దుకుంటున్నాడనుకున్నాడు. తన తప్పే కళ్ళ నిండా ఉంటే ఎదుట ఉన్నది కనపడదు.

నవంబరులో ఒక సోమవారం, చెప్పి తీరాలని, రోజూ కంటే గంట ముందే పోయాడు. ఆస్పత్రికి తాళం. తాళం చెవి పక్కనున్న టైలరు అలీ అహ్మద్ దగ్గర ఉంది.

"నీకిమ్మన్యాడు. ట్రంకుపెట్టె మోయించుకోని బస్‌స్టాండుకు పాయె. నీకు తెల్దా? మళ్ళీ పట్టాళానికంట గదా!"

ఖాజా పరుగెత్తాడు. ముద్దనూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. పైన ట్రంకుపెట్టె కడుతున్నారు. కిటికీ పక్కన డాక్టరు, మెడదాకా బొత్తాలు పెట్టుకుని, మడత విప్పని పేపరుతో.

"సార్!" కిటికీ కడ్డీలు పట్టుకున్నాడు ఖాజా. ఆయాసంలోనే అనేశాడు: "మీరు మరిచిపోలేదు సార్. గుర్తు పెట్టినారు. మాయమ్మ తుడిచింది. బొట్టు అనుకోని తుడిచింది. నాకు ఆ దినమే తెలుసు."

డాక్టరు అతన్ని చూశాడు. కొట్టంలో వరసగా పడుకోబెట్టినవాళ్ళను మొదటిసారి నడుస్తూ చూసిన చూపు అది. ఎవరికి ఏం కావాలో తేల్చే చూపు.

"మీయమ్మకు చెప్పినావా?"

"లేదు సార్."

"చెప్పొద్దు."

కండక్టరు తలుపు వేశాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. "వలి ఎనిమిదికి వస్తాడు" అన్నాడు డాక్టరు. "చీము రంగు చూసి కట్టు. పచ్చగా ఉంటే పెద్దాస్పత్రికి తోలు. పో, ఆ పిల్లోడు ఎండలో నిలబడుంటాడు."

బస్సు కదిలింది. ఖాజా కడ్డీలు వదలకుండా నాలుగడుగులు నడిచి, వదిలేశాడు. డాక్టరు ట్రంకుపెట్టె సరిగ్గా కట్టారో లేదోనని కిటికీలోంచి తల పైకి వంచి చూసుకున్నాడు. తల లోపలికి తీసుకున్నాడు. పోయొస్తా అనలేదు. బస్సు మలుపు తిరిగింది.